మా బండి తొట్టి, మా నాయనమ్మ గంప

ఐసు దిమ్మ దించుతుంటే మా తమ్ముడి కుడికాలు పికప్ బండి తొట్టిలోంచి కిందికి దిగిపోయింది, మోకాలి దాకా. వాడు పైన, వాడి చెప్పు కింద రోడ్డు మీద, మధ్యలో రంపంలాంటి రేకు అంచు. ఒడిశాలో గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లవారుజామున ఐదింటికి జరిగిందిది. చుట్టూ ఉన్నవాళ్లు ముందు నవ్వారు, రక్తం చూశాక గబగబా వచ్చి పట్టుకున్నారు. ఏడు కుట్లు, ఒక టెటనస్ ఇంజెక్షన్, వారం రోజులు మంచం. ఆ వారమంతా వాడు నాతో అన్న మాట ఒకటే: "అన్నయ్యా, ఇంకో రేకు వేయించేస్తే సరిపోద్ది."

సరిపోదు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. వాడికి ఇంట్లో చెప్పాను, ఇచ్ఛాపురంలో ఉన్న మా బావకి ఫోనులో చెప్పాను, వెల్డింగ్ మిస్త్రీకి షెడ్డులో చెప్పాను. ముగ్గురూ సగం సగం విన్నారు. మిగతా సగం ఇక్కడ.

మాది 2006 మోడల్ పికప్. నాన్న 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి బరంపురం మార్కెట్‌కి 16 కిలోమీటర్లు, రోజూ చేపలు, ఐసు. వేట లేని రోజుల్లో హుమ్మా వైపు నుంచి ఉప్పు బస్తాలు. అంటే ఏడాది పొడుగునా ఆ బండి ఉప్పులోనే నానింది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. వలలోంచి వచ్చిన చేపతో ఆ నీరు వస్తుంది, ఐసు కరిగి దానికి తోడవుతుంది, నిలువ చేసేటప్పుడు చల్లిన ఉప్పు సరేసరి. తుప్పుకి ఇంత ప్రేమగా వండి వడ్డించినవాళ్లు ఈ జిల్లాలో మేమే అయ్యుండాలి. నేను బరంపురంలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను. బండి తమ్ముడిది, దాని ఖర్చుల పుస్తకం నాది. అందుకని ఈ గొడవలో నాకూ ఒక ఓటుంది.

కాలు దిగిన చోట మర్నాడు గ్రైండర్ పట్టించి ఒక అడుగు చదరం కోయించాను. కోసిన ముక్కని పక్కకి తిప్పి చూస్తే మూడు రేకులు. పుస్తకం తీస్తే మూడింటికీ తేదీలున్నాయి. అన్నింటికంటే కింద బండితో వచ్చిన అసలు రేకు. దానిమీద 2014లో నాన్న వేయించినది. అంతకుముందు ఏడాది అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు గాలి సముద్రాన్ని పొడి చేసి ఊరంతా చల్లిన రాత్రి అది. బండి పెరట్లోనే ఉంది. ఆర్నెల్లకి తొట్టి నేల మీద బొబ్బలు లేచాయి. నాన్న వాటిమీద రేకు కప్పించాడు. 2018లో ఆ రేకు కూడా పోతే ఇంకో షాపువాడు దానిమీద చెకర్ ప్లేట్, అంటే కాలు జారకుండా గళ్లు తేలిన రేకు, వేసి, అంచులకి నాలుగు చోట్ల టాకా, అంటే చుక్క వెల్డింగ్, కొట్టి, నల్లరంగు పూసి, "ఇంక పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నిజంగానే చూసుకోలేదు. చూడ్డానికి ఏమీ కనిపించలేదు కూడా.

ఆ మూడు రేకుల మధ్య ఏముందో చెప్పాలి. తడి. మార్చి నెల ఎండలో, రెండు రోజులుగా చేప ఎక్కని బండిలో, రేకుకీ రేకుకీ మధ్య నల్లటి బురద. వేలితో తీస్తే జారుతోంది, వాసన చూస్తే ఎండుచేపల గంప. పైన ప్లేట్ చెక్కుచెదరలేదు, మధ్య రేకు బిస్కెట్ లాగా విరుగుతోంది, కింద రేకు అసలు లేదు, దాని స్థానంలో పొరలు పొరలుగా తుప్పు మాత్రం ఉంది. కాలు దిగింది ప్లేట్ పగిలి కాదు. కింద మోయాల్సిన పట్టీలు లేక, టాకా ఊడి, ప్లేట్ ఒక పక్కకి ఒరిగి దారిచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. రెండు రేకుల మధ్య వెంట్రుకంత సందు ఉంటే చాలు, నీరు దానంతటదే లోపలికి పాకుతుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే. లోపలికి పోయిన నీటికి గాలి తగలదు, ఎండ తగలదు, మనం కొట్టే పైపు నీళ్లు తగలవు. పైన ఉన్న నీరు ఆరిపోతుంది, లోపలిది ఆరదు. కొద్దిగా ఆరినా ఉప్పు అక్కడే ఉంటుంది, గాలిలో తేమని మళ్లీ పీల్చుకుంటుంది. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందుకంటే చాలా రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఉబ్బు టాకాలని పగలగొడుతుంది, సందు పెద్దదవుతుంది, ఇంకాస్త నీరు పడుతుంది. పాత రేకు మీద కొత్త రేకు వేయడమంటే తుప్పుకి దుప్పటి కప్పడం. ఆ దుప్పటికి మేం రెండుసార్లు డబ్బులిచ్చాం.

ఒడియాలో తుప్పుని కళంకి అంటారు. బళ్లో పిల్లలు "లుహారే కళంకి లాగే" అని చదువుతుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఇనుము ఏ తప్పు చేసిందని కళంకం అంటగడుతున్నారని. మా తొట్టి కోసిన రోజు మాత్రం ఆ మాట సరిగ్గా ఉందనిపించింది. ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్లే ముందురోజు మేం దానికి రంగు పూసేవాళ్లం. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, కాబట్టి ఏటా పూశాం. ఒక ఏడు చూసినాయన రంగు బాగుందని మెచ్చుకున్నాడు కూడా. వంగి కింద చూడలేదు. చూడకూడదనే మేమూ దేవుడికి మొక్కుకున్నాం, ఇప్పుడు ఆయన్ని అనడం ఎందుకు.

సరే, రేకు మీద రేకు వద్దు. మరేం చేయాలి? ఇక్కడినుంచి సలహాలు మొదలయ్యాయి.

బావది మొదటి సలహా: తుక్కుకి అమ్మేయ్. ఆయనకి లారీ ఉంది, ఇలాంటివి ఆయనకి తెలుసు. "మాస్టారూ, 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బళ్లకి ఫిట్‌నెస్ ఫీజు ఎంత చేశారో చూశావా? ఆ బండిని గవర్నమెంటే వద్దంటోంది, నువ్వెందుకు పట్టుకు ఏలాడతావు?" ఫీజు పెంచిన మాట నిజమే. కానీ తుక్కువాడు చెప్పిన ధర 70,000. కొత్త పికప్ అంటే 10 లక్షల మాట, దానికి నెలనెలా వాయిదా. మా ఇంజిను బాగుంది, గేర్లు బాగున్నాయి, రెండేళ్ల కిందట క్లచ్ మార్చాం. పళ్లు పుచ్చాయని మనిషిని పాడె ఎక్కించరు కదా. ఆ మాట బావతో అంటే ఆయన ఒక నిమిషం ఆగి, "సరే, కట్టించు. కానీ గట్టిగా కట్టించు. 5 ఎం.ఎం. ప్లేట్ వేయించు" అన్నాడు.

మా వైపు గట్టి అంటే మందం. గోడైనా, తలుపైనా, తొట్టైనా అంతే. తమ్ముడూ అదే అన్నాడు. మిస్త్రీ కూడా అదే అన్నాడు, ఆయనకి కిలో లెక్కన కూలి కాబట్టి ఆ అభిప్రాయాన్ని కొంచెం తగ్గించి తీసుకున్నాను. రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా తొట్టి నేల 8 అడుగుల పొడవు, 5న్నర అడుగుల వెడల్పు. 44 చదరపు అడుగులు, అంటే సుమారు 4.1 చదరపు మీటర్లు. ఒక ఎం.ఎం. మందం రేకు చదరపు మీటరుకి 7.85 కిలోలు తూగుతుంది. 5 ఎం.ఎం. అయితే నేల ఒక్కటే 160 కిలోలు. 3 ఎం.ఎం. అయితే 96. 2 ఎం.ఎం. అయితే 64. 5కీ 2కీ తేడా 96 కిలోలు, దగ్గరదగ్గర రెండు ఉప్పు బస్తాలు. ఆర్సీ మీద బండి మొత్తం ఎంత బరువు ఉండాలో రాసే ఉంటుంది. తొట్టి బరువెక్కితే ఆ మేరకు సరుకు తగ్గాలి. తగ్గించకపోతే చక్రాల మీద స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు మోయాలి, బ్రేకులు మోయాలి, డీజిలు మోయాలి. రోజూ రెండు బస్తాల ఇనుముని ఊరికే బరంపురం తీసుకెళ్లి ఊరికే వెనక్కి తీసుకురావడానికి తమ్ముడికి సరదాగా ఉంటుందేమో గానీ, పుస్తకం రాసేది నేను.

బావ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "కోణార్క్‌లో ఇనప దూలాలు చూశావుగా? సముద్రం పక్కనే, ఎన్ని వందల ఏళ్లు! మందం కాబట్టే కదా నిలబడ్డాయి?" చూశాను. మా బడి పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్లాను. 13వ శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించిన గుడి అది. ఆయన వంశం తొలి రాజధాని మన శ్రీకాకుళం ముఖలింగం ప్రాంతంలోనే ఉండేదని పిల్లలకి చెబితే, ఆ వారం మాత్రం తెలుగువాళ్లు ఒడియావాళ్లకంటే కాస్త ఎత్తుగా నడిచారు. చిన్న చిన్న ఇనప ముద్దల్ని కాల్చి, కొట్టి, ఒకదానికొకటి అతికించి చేసిన దూలాలవి. పైన తుప్పు పట్టింది, లోపల ఇంకా ఇనుముంది. మందం వల్ల గడువు పెరుగుతుందన్న మాట నేను కాదనను. కానీ ఆ దూలాలు తెల్లారి ఐదింటికి లేచి చేపలు మోయక్కర్లేదు. మా తొట్టిలో ముందు పోయింది రేకు మధ్యభాగం కాదు, అతుకులు. 5 ఎం.ఎం. ప్లేట్‌ని మోసే పట్టీలూ, వాటిని పట్టుకునే బోల్టులూ 5 ఎం.ఎం. కావు.

అల్యూమినియం మాట కూడా వచ్చింది. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి 2015 మోడల్ నుంచి తొట్టితో సహా బాడీ అల్యూమినియందే. బాగుంటుంది, తేలిక. అయితే దాన్ని ఇనప ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, ఉప్పునీళ్లలో నేరుగా కూర్చోబెడితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటిది తయారై అల్యూమినియం కరిగిపోవడం మొదలవుతుంది. మధ్యలో రబ్బరో ప్లాస్టిక్కో పెట్టి పూర్తిగా విడదీయాలి. పైగా అల్యూమినియం వెల్డింగ్‌కి ఆర్గాన్ గ్యాస్, వేరే మెషిన్, వేరే చెయ్యి కావాలి. మా మిస్త్రీ షెడ్డులో ఉన్నది ఒక పాత ఆర్క్ మెషిన్, ఒక ఫ్యాను, విశ్వకర్మ పటం. ఆ దేశంలో మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి పికప్‌లకీ ఇదే రోగం. వాళ్లు అరిజోనా లాంటి పొడి రాష్ట్రాల నుంచి తుప్పు లేని పాత తొట్లు తెప్పించుకుని, బోల్టులు విప్పి పాతది దించి కొత్తది ఎక్కించుకుంటారు. అది నాకు నచ్చింది. రాయగడ వైపు కొండల్లో సముద్రగాలి ఉండదు కదా అని ఒక పాత సామాన్ల దుకాణానికి వెళ్లి చూసొచ్చాను. దొరికింది, పైన శుభ్రంగా ఉంది. కింద పడుకుని చూస్తే దానిక్కూడా రెండో రేకు. ఎరువు బస్తాలు మోసిన బండట. ఎరువు కూడా ఉప్పులాంటిదే.

రాయగడ నుంచి బస్సులో వెనక్కి వస్తుంటే ఎందుకో నాయనమ్మ గుర్తొచ్చింది. గోపాల్‌పూర్ ఒడ్డున తెప్ప దిగిన చేపని గంపకెత్తుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, ఊళ్లు తిరిగి అమ్మేది. ఆవిడ నడుస్తుంటే గంపలోంచి నీరు కారుతూ ఉండేది, భుజం మీదుగా, వీపు మీదుగా. చీర ఎప్పుడూ తడే. ఆవిడ వెనక నడిచే పిల్లలం మేం ఆ చుక్కల్ని తప్పించుకుంటూ నడిచేవాళ్లం. ఇంటికొచ్చాక గంపని నూతి దగ్గర బోర్లించి రెండు చెంబుల నీళ్లు కొట్టి గోడకి ఆనించేది. అంతే. ఆ వెదురు గంప ఎన్నేళ్లు వాడిందో నాకు తెలీదు గానీ, కుళ్లిందని ఏనాడూ అనలేదు.

బండి వెనక భాగాన్ని మేం తొట్టి అంటాం. పశువులకి కుడితి పోసేదీ తొట్టే, నీళ్లు నిలవ పెట్టేదీ తొట్టే. ఒడియావాళ్లు దాన్నే డాలా అంటారు. డాలా అంటే వాళ్ల భాషలో బుట్ట కూడా. ఇన్నేళ్లుగా ఈ రెండు మాటలూ ఒకే నోటితో మాట్లాడుతున్నాను, తేడా తట్టలేదు. చేపల బండికి కావలసింది డాలా. మేం పద్నాలుగేళ్లుగా తొట్టి నడుపుతున్నాం, నీరు బయటికి పోకుండా అంచులు మూసి, చిల్లు కనిపిస్తే అతికించి, జాగ్రత్తగా.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. తూర్పు తీరంలో జూన్ 14 దాకా 61 రోజులు. పడవలు ఒడ్డెక్కాయి, మా బండి షెడ్డుకెక్కింది.

తొట్టిని ఛాసిస్‌కి పట్టి ఉంచిన యు బోల్టులు ఎనిమిది. ఒక్కటీ తిరగలేదు. రెండు రోజులు కిరోసిన్ పోసి నానబెట్టి, సుత్తితో తట్టి, పైపు తగిలించి తిప్పితే రెండు విరిగాయి, ఆరు నవ్వాయి. గ్యాస్ కటింగ్ పెడితే ఐదు నిమిషాల పని అన్నాడు మిస్త్రీ. పక్కనే డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు. వద్దన్నాను. ట్యాంకు విప్పించి దూరంగా పెట్టించి, బ్యాటరీ టెర్మినల్ తీయించి, గ్రైండర్‌తోనే కోయించాను. ఒక పూట పట్టింది. తొట్టి దించడానికి మాత్రం క్రేను అవసరం లేకపోయింది. వేట లేక ఖాళీగా ఉన్న మా వాళ్లు పదిమంది వచ్చారు. పడవని ఒడ్డుకి లాగినట్టే హైలెస్సా అంటూ ఎత్తి పక్కన పెట్టి, చాయ్ తాగి, తలో రెండు సింగడాలు, అదే సమోసాలు, తిని వెళ్లిపోయారు. ఒకాయన దాన్ని ఎత్తి చూసి, "ఇందులో ఇనుము కంటే రంగే ఎక్కువుంది మాస్టారూ" అన్నాడు.

తొట్టి దిగాక ఛాసిస్ మొదటిసారి ఎండ చూసింది. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య ఎప్పుడో పెట్టిన చెక్క ముక్కలు ఉప్పునీళ్లు పీల్చి పీల్చి మెత్తబడి, వాటి కింద ఇనుము పొరలుగా లేచింది. సుత్తితో అడుగడుగూ తట్టుకుంటూ వెళ్లాం. మంచి ఇనుము ఠంగుమంటుంది, పోయినది డబ్‌మంటుంది. వెనక కమాన్ పట్టీ తగిలే చోట ఒక్క దగ్గర డబ్‌మంది. ఆ ఒక్క పనీ షెడ్డులో చేయించలేదు, ఛాసిస్ పనులు చేసే పెద్ద వర్క్‌షాపుకి పంపించాం. ఛాసిస్ మీద ఎవరు పడితే వాళ్లు వెల్డింగ్ చేయకూడదు. ఇందులో ఖర్చుకి వెనకాడినవాళ్లతో నేను వాదించను.

తొట్టికి ఏం చేశామో ఇప్పుడు చెప్తాను. నేలకి 2 ఎం.ఎం. జింకు పూత రేకు తీసుకుని, సాదాగా కాకుండా మడతలు పెట్టించాం. తాటాకుని చూడండి, మందం ఎంతని? మడతలున్నాయి కాబట్టి అంత గాలికీ నిలబడుతుంది. రేకూ అంతే. మడతలన్నీ ముందు నుంచి వెనక్కి, అడ్డంగా ఒక్కటీ లేకుండా, నీరు కాలవలో పారినట్టు పారేలా. ఇక్కడ నాకు తెలీని ఒక సంగతి మిస్త్రీ చెప్పాడు. ఖాళీ బండి ఎప్పుడూ వెనక ఎత్తుగా నిలబడుతుంది, లోడు పడితేనే వెనక దిగుతుంది. అంటే కడిగాక నీరు వెనక్కి రాదు, క్యాబిన్ పక్క మూలలకి పోయి అక్కడే తెల్లవార్లూ ఉంటుంది. "ఏ డాలా అయినా చూడండి ఆజ్ఞా, ముందు మూలలే ముందు పోతాయి." ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని. ఆలోచిస్తే మాదీ అక్కడే మొదలైంది. అందుకని నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు, ఒక్కోదానికి జానెడు పైపు, నీరు ఛాసిస్ మీదా కమాన్ మీదా పడకుండా నేరుగా రోడ్డు మీదికి. అసలు డబ్బంతా ఈ నాలుగు పైపుల్లో ఉందని నా నమ్మకం. వాటి ఖర్చు 320 రూపాయలు.

పాత తొట్టి అడుగున టోపీ ఆకారం పట్టీలుండేవి, అన్ని వైపులా మూసేసి. లోపలికి నీరు పోయే దారుంది, వచ్చే దారి లేదు. కొత్తదానికి ఒక పక్క తెరిచి ఉన్న చానళ్లు పెట్టించాను, కింది అంచుకి జానెడుకొక చిల్లు. బ్రష్ దూరాలి, పైపు నీళ్లు తగలాలి, వంగితే కళ్లకి కనిపించాలి. చానల్‌కీ రేకుకీ మధ్య ఎక్కడా సందు లేకుండా పొడుగునా వెల్డింగ్ చేయమన్నాను. మిస్త్రీ ఒప్పుకోలేదు. "పలచ రేకుకి అంత వేడి పెడితే అప్పడంలా వంకర్లు పోద్ది" అన్నాడు. నాకు పుస్తకంలో సందు తెలుసు, ఆయనకి చేతిలో వేడి తెలుసు. రెండంగుళాలు వెల్డింగ్, రెండంగుళాలు ఖాళీ, ఖాళీల్లో సీలెంట్ నింపడం అని రాజీపడ్డాం. ఆ సీలెంట్ ఎన్నేళ్లుంటుందో చూడాలి. నా డిజైన్‌లో నాకు నమ్మకం లేని చోటు అదొక్కటే.

ఒక తప్పు నాది. జింకు పూత రేకుని వెల్డింగ్ చేసేటప్పుడు ఆ పూతని ముందే గీకేయాలి, లేకపోతే జింకు పొగ పీల్చినవాళ్లకి రాత్రికి చలి, జ్వరం వస్తాయి. నేను చదివే ఉన్నాను, తొందరలో చెప్పలేదు. మూసిన షెడ్డులో పూటంతా వెల్డింగ్ చేసి ఆ రాత్రి మిస్త్రీ దుప్పట్లో వణికాడు. మర్నాడు వెళ్తే చేతిలో పాల గ్లాసుంది, పక్కన బెల్లం ముక్క. పాలూ బెల్లమూ పొగని కడిగేస్తాయని వెల్డర్లందరి నమ్మకం. కడగవు. గాలి కావాలి, మాస్కు కావాలి, పూత గీకాలి. మిగతా పని ఆరుబయట, ఫ్యాను గాలికి వీపు పెట్టి చేశాడు. అతుకుల దగ్గర కాలిపోయిన జింకుకి బదులు జింకు ప్రైమర్ కొట్టాం, శుభ్రంగా రుద్దిన ఇనుము మీద నేరుగా. మామూలుగా అందరూ తుప్పు మీదే రెడాక్సైడ్ అనే ఎర్ర ప్రైమర్ లాగించేస్తారు. అదీ దుప్పటే.

కాలిన ఇంజినాయిల్ గురించి కూడా ఒక మాట. నాన్న ప్రతి దసరాకీ బండి అడుగంతా కాలిన ఆయిల్ పూసేవాడు. ఆయనకి అది పూజలో భాగం. కొంత మేలు చేసిందేమో, ఛాసిస్ పక్కలు బాగానే ఉన్నాయి. కానీ అది దుమ్ముని పట్టుకుంటుంది, రబ్బరు బుష్‌లని ఉబ్బిస్తుంది, వానకి కడుక్కుపోయి నూతిలోకి దిగుతుంది. ఈసారి పూయం అన్నాను. అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. దసరాకి పసుపు బొట్టు పెడదాం, ఆయిల్ వద్దు అని ఒప్పించాను. తొట్టికీ ఛాసిస్‌కీ మధ్య చెక్క బదులు పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కలు పెట్టాం. తొట్టి పొడవు, ఎత్తు, వెడల్పు పాతవే ఉంచాం. పక్కలు అడుగు పెంచమని తమ్ముడు గోల పెట్టాడు గానీ, అలా పెంచితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది మార్పు అవుతుంది, మరమ్మతు కాదు. మళ్లీ ఆఫీసు, మళ్లీ టెన్షన్.

అంతా కలిపి 61,000 అయింది. ఛాసిస్ పని అందులోనే. బావ ఒక ఆదివారం వచ్చి, కొత్త తొట్టి మీద ఎక్కి రెండుసార్లు గెంతి చూసి, "పలచగా ఉంది" అన్నాడు. కాసేపటికి దిగి, కింద పడుకుని పైపులు చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లేముందు ఆ పైపులకి ఏ సైజు తీసుకున్నావని మిస్త్రీని అడగడం విన్నాను.

తమ్ముడితో నా ఒప్పందం ఒకటే. రోజూ ఆఖరి ట్రిప్పు తర్వాత మంచినీళ్లతో పదినిమిషాలు కడగాలి, పైన ఐదు, కింద ఐదు. కడిగాక వెనక చక్రాలు పల్లంలో ఉండేలా నిలపాలి, వెనక డోరు తెరిచి పెట్టాలి. జూన్ 15 తెల్లారి మొదటి ట్రిప్పు. బరంపురం మార్కెట్ దగ్గర సైకిల్ మీద వెనకే వచ్చినాయన బండిని ఆపి తిట్టాడట, నీ బండి కారుతోంది, నా పంచె పాడైంది అని. తమ్ముడు ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు. నాకు మాత్రం నాయనమ్మ వెనక నడిచిన రోజులు గుర్తొచ్చాయి. ఆయన పంచె సంగతి ఆలోచించాలి, పైపుల కింద ఒక చిన్న డబ్బా తగిలించి మార్కెట్‌లో ఒంపేయొచ్చు.

పాత తొట్టిని తుక్కువాడికి తూకానికి ఇద్దామంటే అమ్మ ఇవ్వనివ్వలేదు. పెరట్లో నూతి పక్కన నాలుగు ఇటుకల మీద పెట్టించి, మట్టి నింపించి, బచ్చలి, రెండు వంగ మొక్కలు వేసింది. ఉప్పు ఉంటుందేమో, మట్టిని ముందు బాగా నీళ్లతో కడగమన్నాను. "ఎందుకురా, పోసిన నీళ్లు పోసినట్టే పోతున్నాయి, ఎన్ని చిల్లులు కావాలో అన్నీ ఉన్నాయి దీనికి" అంది. బచ్చలి అప్పుడే వెనక డోరు కీళ్ల దాకా పాకింది.